దారిచ్చే ఉద్యోగం

ఆ టెర్మినల్‌ను విమాన ప్రయాణికుల అవసరాలన్నీ కనుక్కుని కట్టారు. అందులో క్యూలే లేవు. అయితే పక్కవాణ్ణి దాటి ముందుకెళ్ళే తృప్తి కరువైందని జనం మొహాలు మాడ్చుకున్నారు. దాంతో క్యూ కట్టి నిలబడి దారివ్వడానికి జీతానికి మనుషుల్ని పెట్టారు. హైమావతికి ఆ ఉద్యోగంలో పదేళ్ళ అనుభవం.

ఇవాళ సెలవు పెట్టి, ఢిల్లీలో కూతురి పురిటికి తనే బయల్దేరింది. గేటు దగ్గర వెనకాయన, "కొంచెం అర్జెంటమ్మా" అన్నాడు.

"వెళ్ళండి బాబూ" అంది అలవాటుగా. ఆయన వెనక ఇంకొకరు, ఆ వెనక మరొకరు. ఆఖరివాడు దాటగానే గేటు మూసుకుంది.

"అయ్యో, నేనూ ఎక్కాల్సినదాన్నే!" అని తలుపు బాదింది.

టెర్మినల్ కెమెరాలో ఆమె మొహం గుర్తుపట్టి, స్పీకర్లోంచి మెత్తగా పలికింది: "పని మీద మీ మక్కువ గుర్తించాం. సెలవు రద్దు చేసి, హాజరు వేశాం."