కొంగకు తిరిగొచ్చిన ఫొటోలు

మడుగు ఒడ్డున గుడ్లగూబ ఫొటోల కొట్టు నడిపేది. ఎవరేం తెచ్చినా పరీక్షగా చూసి, బాగుంటేనే అమ్మకానికి పెట్టేది. కొంగ తెచ్చినవన్నీ తిప్పి పంపేది. లకుముకి పిట్టవి మాత్రం తీసుకునేది. వాళ్ళిద్దరి మధ్యా ఏదో లోపాయికారీ ఒప్పందం ఉందని కొంగకు అనుమానం. ఓరోజు రెల్లుపొదలో నక్కి లకుముకి మీద కాపు వేసింది.

లకుముకి తన ఫొటోలను పెద్దవి చేసి, మూలమూలా వెతికి, సగానికి పైగా తానే చెరిపేస్తోంది.

కొంగ ఉండబట్టలేక బయటికొచ్చింది. "వాటికేమొచ్చిందే, పారేస్తున్నావు?"

"నా రెక్క కొస అడ్డం పడింది వదినా. నీవి నువ్వెప్పుడైనా ఇలా చూసుకున్నావా?"

కొంగ తనవీ పెద్దవి చేసి చూసింది. ప్రతి ఫొటోలోనూ ఓ మూలన పొడుగాటి ముక్కు నీడ.

"చూశావా, ఆ గుడ్లగూబ చేసిన పని," అంది కొంగ. "తిప్పి పంపేముందు నా ముక్కు కూడా ఇందులో పెట్టింది."