అరువు గొంతు

మైకు ముందు నుంచి ముసలాయన కదలనన్నాడు.

"ఒక్క మాట. ఈ ఒక్క మాటా నా గొంతుతో చెప్పనివ్వండి" అన్నాడు.

గొంతు అనడమే గానీ, అది రంపం కోతలా ఉంది. అద్దాల గదిలో కూర్చున్న సౌండ్ ఇంజనీరు నవ్వాపుకోలేక తల పక్కకి తిప్పుకున్నాడు.

లియాంద్రోకి ఒళ్లు మండింది. ఆ ముసలాయన బొమ్మకి మాట చెప్పాల్సింది తను.

స్పెయిన్‌లో, మాద్రిద్ స్టూడియోల్లో ముందు బొమ్మ తీసి, మాటలు తర్వాత అతికించే రోజులవి. అంతర్యుద్ధం అయిపోయి జైలు నుంచి బయటపడ్డ దగ్గర్నుంచీ ఎవరిస్తో అనే ఈ ముసలాయన వెయ్యని చిన్న వేషం లేదు. పాదిరి, పోలీసు, బిచ్చగాడు, గుర్రబ్బండివాడు. ముఖం దేశమంతటికీ తెలుసు. పేరు ఎవరికీ తెలీదు. గొంతు మాత్రం ప్రతి సినిమాలోనూ ఎవరో ఒకరిది.

"ఇన్నేళ్లు లేని పంతం ఇప్పుడెందుకయ్యా?" అన్నాడు డబ్బింగ్ చూసుకునే సిక్స్తో.

"మా వీధిలో వైన్ కొట్టువాడు రోజూ అడుగుతున్నాడు. ఈసారి గొంతు ఎవరి దగ్గర అద్దెకు తెచ్చావని."

అందరూ నవ్వారు. ఎవరిస్తో నవ్వలేదు.

"ఇంతకాలానికి తండ్రి వేషం దొరికింది సిక్స్తో గారూ. కొడుకుని రైలెక్కించే తండ్రి. వాడికి చెప్పాల్సిన మాట నేనే చెప్పుకుంటాను."

"నీ గొంతు వింటే ఆ కొడుకు రైలు కోసం ఆగడు, పరిగెత్తుకుంటూ పోతాడు."

లియాంద్రో ముందుకొచ్చాడు. "పెద్దాయనా, జరగండి. ఈ మాట దొరకడానికి నేను ఏళ్ల తరబడి గుంపులో గోవిందలా అరిచాను. దీన్ని వదులుకోను."

ఎవరిస్తో అతన్ని ఎగాదిగా చూశాడు.

"సరే. ముందు నువ్వు చెప్పు. బాగా రాకపోతే నేను చెప్తా."

దీపాలు ఆర్పారు. తెర మీద రైలు పెట్టె, దాని పక్కన ఎవరిస్తో ముఖం. పెదవులు కదిలాయి.

"వెళ్లు నాయనా. నా కోసం వెనక్కి చూడకు" అన్నాడు లియాంద్రో.

దీపాలు వెలిగాయి. ముసలాయన కుర్చీ వీపు పట్టుకుని నిలబడ్డాడు.

"ఈ పోకడ ఎవరి దగ్గర నేర్చుకున్నావు?"

"ఎవరూ నేర్పలేదు. యుద్ధంలో బాంబులు పడుతుంటే మెట్రో సొరంగంలో దాక్కునేవాళ్లం. అక్కడ రేడియోలో ఒకాయన మాట్లాడేవాడు. ఆయన మాట్లాడుతున్నంతసేపూ మా అమ్మకి వణుకు ఆగేది. ఆయనలాగే మాట్లాడ్డం అలవాటు చేసుకున్నా."

సిక్స్తో గబుక్కున తలుపు వైపు చూశాడు. "నోర్ముయ్. ఓడిపోయినవాళ్ల రేడియో ఊసు ఇక్కడెత్తితే అందరం జైల్లో ఉంటాం. పని చూడండి."

ఎవరిస్తో మైకు దగ్గర్నుంచి పక్కకి జరిగాడు. హమ్మయ్య అనుకున్నాడు లియాంద్రో.

కానీ ముసలాయన వెళ్లలేదు. కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చున్నాడు.

"నువ్వే చెప్పు. కానీ ఇంకా రాలేదు. 'వెనక్కి' దగ్గర బతిమాలుతున్నావు. బతిమాలకు. నీ భయం వాడికి తెలియనివ్వకు."

"గొంతే లేనివాళ్లు నాకు పాఠం చెప్తున్నారా?"

"అవును. చెప్పు."

లియాంద్రో చెప్పాడు.

"కాదు."

మళ్లీ చెప్పాడు.

"ఊపిరి అక్కడే వదిలేస్తే ఎలా? వాడు రైలెక్కేదాకా పట్టుకో. మళ్లీ."

సిక్స్తో విసుక్కున్నాడు. ఇంజనీరు భోజనానికి వేళయిందన్నాడు. ముసలాయన లేవలేదు. ఈయన నోరు మూయించే దాకా తనూ కదలకూడదనుకున్నాడు లియాంద్రో. చెప్పీ చెప్పీ, చివరికి ఒకసారి ఎదురుగా ఉన్నవాళ్లెవరూ గుర్తులేకుండా చెప్పాడు.

ఎవరిస్తో కళ్లు మూసుకుని విన్నాడు.

"అదీ" అని లేచి టోపీ పెట్టుకున్నాడు. "అబ్బాయ్, ఇకమీదట నా బొమ్మకి నువ్వే చెప్పు. వేరేవాళ్లని రానివ్వకు."

"మీ బొమ్మలకే చెప్తూ కూర్చుంటే నేను బాగుపడ్డట్టే!"

ముసలాయన నవ్వబోయాడు. నవ్వు దగ్గులోకి దిగింది.

సినిమా వచ్చింది. ఆ మాట దగ్గర హాళ్లలో జనం కళ్లు తుడుచుకున్నారు. లియాంద్రోకి హీరోలకు చెప్పే అవకాశాలొచ్చాయి. ఎవరిస్తో బొమ్మలకి చెప్పమని సిక్స్తో రెండు మూడుసార్లు కబురు పెట్టాడు. తీరిక లేదన్నాడు లియాంద్రో.

ఆ చలికాలంలో ఎవరిస్తో పోయాడని తెలిసింది. మనసు ఊరుకోక, లియాంద్రో ఆయన ఇల్లు వెతుక్కుంటూ వెళ్లాడు.

భార్య ఎంగ్రాసియా తలుపు తీసింది.

"నా పేరు లియాంద్రో అమ్మా. మీ ఆయన బొమ్మకి మాట చెప్పినవాణ్ణి."

ఆమె అతని చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్లింది. కాఫీ పెట్టింది.

"నడవలేని రోజుల్లో కూడా ఆ సినిమాకే తీసుకెళ్లమనేవాడు బాబూ. రైలు దగ్గర ఆ మాట విని లేచి వచ్చేసేవాళ్లం."

"బాగుందన్నారా?"

"హాల్లో నా చెయ్యి గట్టిగా పట్టుకునేవాడు. 'విన్నావా ఎంగ్రాసియా, నా గొంతు' అనేవాడు."

లియాంద్రోకి కాస్త చిన్నతనంగా అనిపించింది. "అది నా గొంతమ్మా" అన్నాడు మెల్లగా.

ఆమె లేచి వెళ్లి కిటికీ మూసింది. తలుపు గడియ వేసింది. దగ్గరగా వచ్చి కూర్చుంది.

"నీదే నాయనా, కాదనను. కానీ జైల్లో ఆయన గొంతు పాడు చెయ్యకముందు, యుద్ధమంతా రేడియోలో ఈ ఊరికి ధైర్యం చెప్పింది ఆయనే."