పంపని చేపలకు వచ్చిన బియ్యం

“ఆ మూట మా గుమ్మంలో దించకు తల్లీ. మా ఇంటా వంటా ఎవులూ సెయ్యి సాపనేదు.”

అప్పలసూరి గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. నరసన్నపేట ఫుడ్ బ్యాంకు బండి ఇసకలో ఆగి ఉంది. దాని వెంట వచ్చిన అరుణశ్రీ బియ్యం మూటతో అక్కడే నిలబడిపోయింది. వేట నిషేధం కదా, పడవలన్నీ ఒడ్డెక్కి ఉన్నాయి. సూరి ఇంట్లో నిన్నటి నుంచి పొయ్యి వెలగలేదు.

“ఇది దానం కాదు బాబాయ్. గజపతినగరం పక్క రైతులు పంపినారు. మీకు వేట లేనప్పుడు ఆళ్ళ బియ్యం. తుపానుకి ఆళ్ళ చేలు మునిగినప్పుడు మీ చేపలు. రెండు ఊళ్ళ ఆకలీ ఒక్కపాలి రాదు కదా! అందుకే ఈ బ్యాంకు పెట్టుకున్నాం.”

“మేం ఆళ్ళకి ఒక్క సేపైనా పంపినామేటి? పంపకుండా తింటే అది ముష్టే.”

అంతే. భార్య కూర్మమ్మ వైపైనా చూడకుండా చరచరా సముద్రం ఒడ్డుకు నడిచాడు.

తన పడవ నీడలో నడుం వాల్చాడు. కడుపులో ఏమీ లేకపోతే ఒళ్ళు దూదిలా తేలిపోతుంది. ఉప్పుగాలి, అలల హోరు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి కళ్ళు మూతపడ్డాయి.

పడవ తనంతట తానే కదిలింది. నీళ్ళ మీద కాదు, వరిచేల మీద. పచ్చటి చేలు అలల్లా లేచి పడుతున్నాయి. కంకుల సందుల్లోంచి వంజరం చేపలు తళుక్కుమంటూ ఈదుతున్నాయి. దూరంగా గట్టు మీద ఒక ముసలమ్మ కొంగు చాపి నిలబడింది.

“సేపలున్నాయా బాబూ?”

సూరి బుట్టలో చెయ్యి పెట్టి తడిమాడు. ఖాళీ. సిగ్గుతో తల వంచుకున్నాడు. ముసలమ్మ నవ్వి, అతని ఖాళీ దోసిట్లోనే వేడి గంజి పోసింది.

నోటి దాకా తెచ్చుకునేసరికి మెలకువ వచ్చింది. దోసిలిలో ఇసక. గంజి వాసన మాత్రం ఇంకా వస్తూనే ఉంది, తన ఇంటి వైపు నుంచి.

విసవిసా వెళ్ళాడు. కూర్మమ్మ కంచంలో అన్నం వడ్డించి కూర్చుంది. తెల్లటి ఆవిరి ఆమె మొహాన్ని సగం కప్పేసింది.

“ఒసే, నా మాటంటే నెక్కనేదేటి నీకు?”

“ముందు కూకో మావా. సల్లారిపోతన్నాది.”

“కూకోను. ఆళ్ళకి మనం ఏటిచ్చినామని తినాల? సెప్పు!”

కూర్మమ్మ కంచం అతని ముందుకు జరిపింది.

“మొన్న కార్తీకంలో అటక మీది ఎండుసేపలన్నీ పిల్లి తినేసిందని సెప్పినాను సూడు... ఆ పిల్లి ఈ బండే మావా!”