భిన్నాల పాఠం

"సగానికి మూడో వంతు కలిపితే ఎంత?"

అతను పెన్సిల్ కొన కొరుకుతూ చాలాసేపు ఆలోచించాడు. చివరికి కాగితం మీద రెండు బై ఐదు అని రాసి, తప్పని ముందే తెలిసినవాడిలా ఆమె ముఖంలోకి చూశాడు.

"పైవి పైవి, కిందవి కిందవి కలపకూడదు అన్నయ్యా. ముందు కింద ఉన్న రెండిటినీ ఒకటి చెయ్యాలి."

"నిన్న కూడా ఇదే చెప్పావు కదూ?"

"చెప్తే ఏమైంది? మళ్ళీ చెప్తా."

నిన్ననే కాదు, కాలేజీ తెరిచినప్పటి నుంచీ చెబుతూనే ఉంది. యూనివర్సిటీ లైబ్రరీ వెనక గదిలో తోటి విద్యార్థులకు లెక్కలు చెప్పే ట్యూటర్ ఆమె. మిగతావాళ్ళు కాలిక్యులస్ పట్టుకొస్తారు. ఇతనొక్కడూ బడిపిల్లల భిన్నాలు దాటలేదు. చిల్లుకుండలో నీళ్ళు పోసినట్టే. మధ్యాహ్నం వచ్చిన లెక్క సాయంత్రానికి ఉండదు.

వరండాలో బల్ల మీద అతని తల్లి కూర్చుని ఉంటుంది. రోజూ ఆవిడే తీసుకొస్తుంది, ఆవిడే తీసుకెళ్తుంది. వంతు కోసం నిలబడ్డ కొత్త పిల్లలు మోచేతులతో పొడుచుకుంటారు.

"గడ్డం వచ్చినా అమ్మ తోడు కావాలిరా. వీడికి సీటెవడిచ్చాడో!"

అది చెవిన పడితే లోపల పాఠం చెబుతున్న ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది. అతను మాత్రం విననట్టే తల వంచుకుని రాసుకుంటాడు.

ఆ పొద్దున ట్యూటర్లను చూసుకునే మేడం ఆమెను పిలిచింది.

"నాకూ కడుపు తరుక్కుపోతోందమ్మా. కానీ మళ్ళీ పరీక్ష తప్పాడు. ఇక పేరు తీసేస్తారు. నువ్వే చెప్పు. నీ మాటైతే నొచ్చుకోడు."

"ఇంకొక్క నెల చూద్దాం మేడం."

"మొన్నా అదే అన్నావు. నీ చదువు అటకెక్కుతోంది, చూసుకుంటున్నావా?"

ఇప్పుడు అతని ఎదురుగా కూర్చుని ఆ మాట ఎలా చెప్పాలో తెలియక నీళ్ళు నములుతోంది. అతనే పెన్సిల్ కింద పెట్టేశాడు.

"మేడం పిలిచిందట కదా. నువ్వు చెప్పలేవులే. రేపట్నుంచి నేను రాను చెల్లాయ్."

"అన్నయ్యా, ఇంకొంచెం ఓపిక పడితే..."

"లెక్కలంటే నాకిష్టమే. వాటికే నా మీద ఇష్టం పోయింది."

నవ్వబోయాడు. నవ్వు రాలేదు. లేచి వెళ్ళి, గుమ్మం దగ్గర ఎటు తిరగాలో తోచనట్టు ఆగిపోయాడు. తల్లి వచ్చి చెయ్యి పట్టుకుంది.

వాళ్ళు మలుపు తిరిగేదాకా ఆమె చూపు తిప్పుకోలేదు.

వరసలో తర్వాత ఉన్న మొదటి సంవత్సరం పిల్ల వచ్చి, బల్ల మీద సంచీ పెట్టి కూర్చుంది.

"ఎవరక్కా ఆయన? భిన్నాలు కూడా రావా?"

"మెదడువాపు జ్వరం రాకముందు, నేను లెక్కల్లో తప్పి ఏడుస్తుంటే, ఇదే గదిలో కూర్చోబెట్టి పాఠం చెప్పి నన్ను గట్టెక్కించిన ట్యూటర్ ఆయనే."