రెండో పొయ్యి

జీపు వచ్చేలోగా ఇంట్లో రెండో పొయ్యి కనబడాలి.

పెద్దన్న పశువుల కొట్టంలో మూడు రాళ్లు పెట్టాడు. పాత పొయ్యి మసి తెచ్చి వాటికి పూశాడు. పైన ఖాళీ కుండ పెట్టి మూత వేశాడు.

కార్ల ఫ్యాక్టరీ రెండో షెడ్డు కడుతోంది. భూమి ఇచ్చిన ప్రతి కుటుంబానికీ ఒక ఉద్యోగం. పొయ్యి వేరైతే కుటుంబం వేరని లెక్క. పెద్దన్నది, తమ్ముడు ఆనంద్‌ది ఒకే పొయ్యి. వానలు లేక రెండేళ్లుగా ఇద్దరూ బెంగళూరులో కాంక్రీటు మోశారు. ఒక్క ఉద్యోగమే వస్తే ఒకరు మళ్లీ పోవాల్సిందే.

“ఇద్దరమూ ఈడే ఉండాలంటే ఈపొద్దు రొంతసేపు ఇడిపోవాల,” అన్నాడు పెద్దన్న. తమ్ముడి భార్య సునంద వైపు తిరిగాడు. “నువ్వు నోరులేని దానివి. మీ లక్ష్మక్కను రెండు మాటలు తిడితే చాలమ్మా.”

“సరే బావా.”

పెద్దన్న పోయి రోడ్డు మీద నిలబడ్డాడు. పదకొండుకు రెవెన్యూ ఇన్‌స్పెక్టర్ రాఘవేంద్ర జీపు దిగాడు. ఆయన గడప దాటకముందే సునంద గొంతు వినబడింది.

“నాకు కడుపు పోయిన పొద్దు బండి కట్టేదానికి ఎవరికీ తీరలేదు. మరుసటి పొద్దే ఎద్దు కుంటుతాందని ముదిగుబ్బ పశువుల ఆస్పత్రికి తోలుకపోయిరి. ఎద్దుకున్నపాటి ఇలువ నాకు లేకపాయ!”

పెద్దన్న భార్య లక్ష్మక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆనంద్ తల వంచుకున్నాడు. ఆ మాట పెద్దన్న నేర్పింది కాదు. అయినా బాగానే వచ్చిందనుకున్నాడు.

రాఘవేంద్ర ఆవలించాడు.

“ఏమప్పా, ఈ వారంలో ఇట్లాంటి కొట్లాటలు పద్నాలుగు చూసినా. నిన్న ఒకామె ఏడ్చి ఏడ్చి, ‘చాలునా సార్, ఇంగా ఏడ్వాల్నా’ అని నన్నే అడిగింది. పొయ్యి యాడుండాదో చూపీ.”

కొట్టం వైపు నడిచాడు. పెద్దన్నకు అప్పుడు గుర్తొచ్చింది. రాళ్లకు మసి పూశాడు గానీ నిప్పు వేయలేదు.

“సార్, కాఫీ తాగి...”

“తర్వాత.”

రాఘవేంద్ర వంగాడు. మూత తీశాడు.

ఆవిరి లేచింది. కుండ నిండా రాగి సంగటి.

రాఘవేంద్ర రాళ్ల మధ్య బూడిదలో వేలు పెట్టి, చటుక్కున వెనక్కి తీసుకున్నాడు. కాగితం మీద రాశాడు.

“రెండు కుటుంబాలు. రెండు ఉద్యోగాలు. సంతకాలు పెట్టండి.”

జీపు మలుపు తిరిగాక పెద్దన్న గట్టిగా నవ్వాడు.

“నిప్పేసేది నాకే తట్టల్యా. బలే పని చేసినావమ్మా సునందా! ఇంగ అన్నదమ్ములం ఇద్దరమూ ఈడే. ఆకలైతాంది, అందరికీ పెట్టు.”

పెద్దన్న, లక్ష్మక్క, ఆనంద్ కొట్టంలోనే వరసగా కూర్చున్నారు.

సునంద కుండ దించి, ఆనంద్‌కొకటి, తనకొకటి, రెండే కంచాలు పెట్టింది.