ఆల్వేస్ ఉండాల్సిన చోటు

"పాపయ్యా, నీ కూతురు రాసిందే రైటు. తప్పు నాది," అన్నాడు ఇంగ్లీషు మాస్టారు మాల్యాద్రి, మార్కాపురం పలకల కార్ఖానా గుమ్మంలో నిలబడి.

పలకకు చెక్క చట్రం బిగిస్తున్న పాపయ్య తలెత్తాడు. పక్కనే పలకలు నునుపు చేస్తున్న కూతురు శ్రీశైలమ్మ తలెత్తలేదు. ఆ పిల్ల బడి మానేసి నెల దాటింది.

"ఏం తప్పు సార్?"

"'హి ఆల్వేస్ కమ్స్ లేట్' అని రాసింది. ఆల్వేస్ అనే మాట చివర ఉండాలని బెత్తంతో కొట్టినాను. నిన్న కర్నూలు నుంచి వ్యాకరణం పుస్తకం వచ్చింది. చూస్తే, పిల్ల పెట్టిన చోటే సరైంది."

మాస్టారు శ్రీశైలమ్మ వైపు తిరిగాడు.

"ఆ పొద్దే నాతో అనకపోయినావా తల్లీ?"

"అన్నాను సార్. నాకే ఎదురు చెప్తావా అని ఇంకో రెండు కొట్టినారు."

మాస్టారికి ఆ రెండు దెబ్బలు గుర్తే లేవు.

పాపయ్య చట్రం కింద పెట్టాడు. "ఇంటికొచ్చి నాతో గూడా అనింది సార్. సారుకే తప్పులు పడతావా, నీకు సదువెందుకే అని నేనే మాన్పించినాను."



"రేపు బడికి రామ్మా. తప్పు నాదని క్లాసులో అందరి ముందర చెప్తాను," అన్నాడు మాస్టారు.

శ్రీశైలమ్మ అప్పుడు తలెత్తింది. "మళ్లా ఎప్పుడన్నా ఎదురు చెప్పాల్సొస్తే సార్?"

మాస్టారి కంటే ముందే పాపయ్య అందుకున్నాడు.

"చెప్పు. కొడితే ఇంటికొచ్చి నాకు చెప్పు. ఈతూరి ఇంటాను."