నిరభ్యంతర పత్రం

"ఇంకో కాగితం తక్కువైంది," అన్నాడు గుమాస్తా, పెళ్లి దరఖాస్తును కిటికీలోంచి వెనక్కి తోస్తూ.

డ్రైవరుకి అరికాలి మంట నెత్తికెక్కింది. ఈ ఆఫీసు మెట్లెక్కడం ఇది నాలుగోసారి. మొదటిసారి వయసు రుజువు లేదన్నాడు. బస్సు నడిపి రిటైరైన మనిషికి ఇంకా పెళ్లీడు రాలేదనుకున్నాడో ఏమో! తెచ్చిచ్చాడు. రెండోసారి అతని మొదటి భార్య, అతను చేసుకోబోయే దర్జీ ఆవిడ మొదటి భర్త పోయినట్టు ధ్రువపత్రాలడిగాడు. అవీ తెచ్చాడు. మూడోసారి ఇద్దరు సాక్షులు చాలరన్నాడు. ఇవాళ ముగ్గురూ పనులు మానుకుని వచ్చి బల్ల మీద కూర్చున్నారు.

"ఈసారి నేనూ వస్తా. ఆ మహానుభావుణ్ణి ఓసారి చూడాలి," అని దర్జీ ఆవిడ కుట్టుమిషను మూసేసి మరీ వెంట వచ్చింది.

"ఏం కాగితం?" అన్నాడు డ్రైవరు.

"పిల్లల దగ్గర్నుంచి నిరభ్యంతర పత్రం."

"మా అమ్మాయి సాక్షిగానే వచ్చింది. అడుగు, ఇప్పుడే రాసిస్తుంది."

"మీ తరఫువాళ్లది చాలదు. ఆవిడ తరఫుది కూడా కావాలి."

"ఏమేం కావాలో గోడ మీద అంత బోర్డు రాసి పెట్టారుగా! ఇది అందులో ఎక్కడుందో చూపించు."

"ఆ బోర్డు పాతది."

"ఇరవయ్యేళ్ల వాళ్లని అమ్మానాన్నల అనుమతి అడగని చట్టం, అరవయ్యేళ్ల వాళ్లని పిల్లల అనుమతి అడుగుతుందా? ఏ పుస్తకంలో ఉందయ్యా?"

వరసలో వెనక నిలబడ్డవాళ్లు కిసుక్కుమన్నారు. గుమాస్తా చెవులు ఎర్రబడ్డాయి. తలెత్తకుండానే, "అమ్మా, ఈ వయసులో ఇవన్నీ ఎందుకు? ఇంటికెళ్లడం మంచిది," అన్నాడు.

డ్రైవరు ఇక ఆగలేకపోయాడు. "పద, లోపల ఆఫీసరు దగ్గరే తాడో పేడో తేల్చుకుందాం!"

"ఉండండి," అని ఆవిడ అతని చెయ్యి పట్టుకుని ఆపింది. సంచిలోంచి ఓ తెల్లకాగితం తీసి, కలం మూత విప్పి, రెండూ కిటికీలోంచి గుమాస్తా ముందుకు నెట్టింది.

"ఎవరికోసమో వెతకడం దేనికి? నువ్వే రాసియ్యరా. నాకున్న ఒక్కగానొక్క కొడుకువి నువ్వేగా!"